1972 ఎంజీబీ: బాగుచేయాలా, వదిలేయాలా? కొలతలతో తేల్చుకున్న డైరీ

కారు 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, బ్రిటన్‌లో తయారైన పైకప్పు లేని చిన్న స్పోర్ట్స్ కారు. తెల్ల రంగు, క్రోమ్ బంపర్లు, 1798 సీసీ ఇంజిన్, రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు. నేనుండేది ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో. ఈ కారు బాడీ తయారైంది ఈ ఊళ్లోనే, ప్రెస్డ్ స్టీల్ ఫ్యాక్టరీలో. చివరి బిగింపు జరిగిన అబింగ్డన్ కూడా దగ్గరే. అక్కడి ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. మా వెనక వీధిలో ఒక పెద్దాయన గ్యారేజీలో 2009 నుంచి కదలకుండా ఉన్న ఈ కారును ఆయన కుటుంబం దగ్గర 2,200 పౌండ్లకు కొన్నాను.

కొన్నాక చేసిన మొదటి పని ఒక కాగితం మీద మూడు గీతలు గీయడం. ఇలాంటి కారు చేతిలో ఉన్నవాళ్లు పానా పట్టుకునే ముందు ఈ పని చేయండి.

1. కొన్న ధరతో కలిపి మొత్తం ఖర్చు 6,500 పౌండ్లు దాటకూడదు. నేను చూసిన ప్రకటనల్లో నడుస్తున్న క్రోమ్ బంపర్ రోడ్‌స్టర్లు ఏడెనిమిది వేల నుంచి మొదలవుతున్నాయి. అంతకన్నా ఎక్కువ పెట్టేటట్టయితే నడిచే కారే కొనుక్కోవచ్చు.
2. నా పని గంటలు 300 దాటకూడదు. శని, ఆదివారాల్లో పొద్దుటి పూట మాత్రమే నాకు కుదురుతుంది.
3. బాడీ బలం తేలేదాకా రంగు మీద, సీట్ల మీద, మెరిసే వస్తువుల మీద ఒక్క పౌండు కూడా పెట్టకూడదు.

మూడోది మా ఆవిడ రాయించింది. "పైకి అందంగా కనిపిస్తే ఇక అమ్మబుద్ధి కాదు, అప్పుడు లెక్కలు చూడవు" అంది. తర్వాత రెండుసార్లు ఆ గీత నన్ను ఆపింది.

దశ 1: కాగితాలు

రెండు గంటలు పట్టింది, ఖర్చు లేదు. వీ5సీ (కారు రిజిస్ట్రేషన్) పత్రంలోని నంబరు, బానెట్ కింద ప్లేటు మీది నంబరు సరిపోయాయి. ఇంతకన్నా ఉపయోగపడింది ఎంఓటీ (కారు రోడ్డుకు తగినట్టుందో లేదో ఏటా చూసే పరీక్ష) చరిత్ర. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ నంబరు కొడితే పాత పరీక్షల ఫలితాలు వస్తాయి. నా కారుకు 2006లో "సిల్లు (తలుపు కింద పొడవుగా ఉండే బాడీ భాగం) తుప్పు పట్టింది" అన్న హెచ్చరిక ఉంది, 2007లోనూ ఉంది. 2008లో లేదు. తుప్పు తనంతట తాను తగ్గదు. అంటే మధ్యలో ఎవరో ఏదో చేశారు. ఆ ఏదో ఏమిటన్నదే తర్వాతి దశలో వెతికాను.

నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని కార్లకు ఇక్కడ 2018 మే నుంచి ఎంఓటీ తప్పనిసరి కాదు. రోడ్డు పన్ను కూడా లేదు. కానీ కారు రోడ్డు మీదికి తగినట్టు ఉండాల్సిన బాధ్యత యజమానిదే. నేను మాత్రం పరీక్ష చేయించాకే నడపాలని అనుకున్నాను.

మొత్తం: 2,200 పౌండ్లు, 2 గంటలు.

దశ 2: బాడీ

ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. పైకప్పు లేని కారు కాబట్టి ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకునే బరువంతా నేల రేకుల మీద, మధ్య సొరంగం మీద, తలుపుల కింద పొడవుగా ఉండే సిల్లుల మీద పడుతుంది. ఒక్కో సిల్లు పెట్టెలాంటి దూలం: బయటి రేకు, మధ్యలో నిలువు రేకు, లోపలి రేకు, కింద క్యాజిల్ రైల్ అనే మడత రేకు. బయటి రేకు ఎంత నున్నగా ఉన్నా, మధ్య రేకు పోయిందంటే దూలం లేనట్టే.

మొదటి పొరపాటు. కారుకున్న జాకీ పాయింట్ కిందే జాకీ పెట్టి ఎత్తాను. కారు లేవలేదు, రేకు కరకరమని లోపలికి పోయింది. కుడి వైపు సంగతి అక్కడే సగం అర్థమైంది. ఇన్నేళ్లు నిలబడి ఉన్న ఎంజీబీని ఆ పాయింట్ దగ్గర ఎత్తకండి. వెనక కమాను కట్ట ముందు కొస బిగించి ఉండే చోటు గట్టిగా ఉందో లేదో చూసుకుని, అక్కడ ఎత్తండి. స్టాండ్లు పెట్టకుండా కారు కిందికి దూరకండి.

రెండో పొరపాటు. తలుపు సందులు మొదట ఇంటి ముందు వాలులో కొలిచాను. టైర్లలో గాలి కూడా ఒక్కో దాంట్లో ఒక్కో లెక్కన ఉంది. మర్నాడు గ్యారేజీలో చదునుగా ఉన్న చోట, నాలుగు టైర్లలో గాలి సమానం చేసి కొలిస్తే దాదాపు 2 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. మొదటి రోజు కొలతలన్నీ కొట్టేశాను.

తర్వాత చేసిన క్రమం ఇది:

1. తలుపు వెనక అంచుకూ బాడీకీ మధ్య సందును పైభాగంలో డ్రిల్ బిట్లు దూర్చి కొలిచాను.
2. ఆ వైపు వెనక మూలను జాకీతో చక్రం నేల వదిలేదాకా ఎత్తాను.
3. అదే చోట మళ్లీ కొలిచాను. తలుపు తీసి వేసి చూశాను.

ఎడమ: నేల మీద 5.0, ఎత్తితే 6.0 మి.మీ. తలుపు పడింది, అంటే లాక్ అయింది.
కుడి: నేల మీద 4.5, ఎత్తితే 7.5 మి.మీ. తలుపు లాక్ అందుకోలేదు.

మూడు మిల్లీమీటర్లు తక్కువేమీ కాదు. ఒక మూల ఎత్తితే కారు నడుము దగ్గర వంగుతోందన్నమాట.

ఆ తర్వాత రంగు మందం కొలిచే మీటరు పెట్టాను. బానెట్ మీద 130 మైక్రాన్ల చుట్టూ చూపించింది. కుడి సిల్లు మీద 1,400, ఒక చోట మీటరు అందుకోలేకపోయింది. అంత లప్పం ఉంది. సిల్లు కింది రంధ్రంలోంచి సన్న కెమెరా దూర్చి చూస్తే 2008 సంగతి బయటపడింది. కుళ్లిన సిల్లును తీయకుండా దాని మీదే కొత్త రేకు కప్పి అతికించి రంగు వేశారు. లోపల మధ్య రేకు ముప్పాతిక భాగం లేదు. ఎడమ వైపు మధ్య రేకుకు చిల్లులున్నాయి, కానీ రేకంటూ ఉంది.

ఆ సాయంత్రం అమ్మేద్దామనే అనుకున్నాను. బాడీ సంగతి తేలింది గానీ ఇంజిన్ సంగతి తెలియదు. ఇంజిన్ కూడా పోయి ఉంటే ఇక ఆలోచించే పనే లేదు, విడిభాగాల కింద పోతుంది. అందుకని అది కూడా చూశాకే నిర్ణయం అనుకున్నాను.

ఖర్చు: జాకీ, స్టాండ్లు 110, మందం మీటరు 28, కెమెరా 24.
మొత్తం: 2,362 పౌండ్లు, 13 గంటలు.

దశ 3: ఇంజిన్

ఈ కారు బోల్టులు అంగుళాల లెక్కవి. నా దగ్గరున్న పానాలు మిల్లీమీటర్లవి. అర అంగుళం అంటే 12.7 మి.మీ., 13 నంబరు పానా పట్టినట్టే అనిపిస్తుంది. అలా తిప్పే ఒక బోల్టు తల గుండ్రంగా అరగదీశాను. దాన్ని తీయడానికి రెండు గంటలు పట్టింది. మర్నాడే అంగుళాల సెట్టు కొన్నాను.

పదిహేనేళ్లు తిరగని ఇంజిన్‌ను సెల్ఫ్ కొట్టి తిప్పకూడదు. నాలుగు ప్లగ్గులూ తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల పల్చటి నూనె పోసి మూడు రోజులు వదిలేశాను. నాలుగో రోజు క్రాంక్ పుల్లీ నట్టుకు పొడవాటి పానా వేసి నెమ్మదిగా నొక్కితే కదిలింది. చేత్తో పది చుట్లు తిప్పాక పాత నూనె దించి కొత్తది పోశాను. కాయిల్ వైరు పీకేసి, ప్లగ్గులు లేకుండా సెల్ఫ్ కొడుతూ ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా ఆగాను. సీట్ల వెనక ఉండే రెండు 6 వోల్టుల బ్యాటరీలూ చచ్చిపోయాయి. వాటి బదులు ఒకే 12 వోల్టుల బ్యాటరీ పెట్టాను.

కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) మొదటిసారి కొలిస్తే నాలుగింట్లోనూ 100 దరిదాపుల్లో వచ్చింది. గుండె జారిపోయింది. తప్పు నాదే: థ్రాటిల్ మూసి ఉంది, లోపలికి గాలి అందడం లేదు. ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి మళ్లీ కొలిస్తే వచ్చిన అంకెలు ఇవి (పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడో):

సిలిండర్లు 1, 2, 3, 4: 150, 145, 90, 148.
చెంచా నూనె పోసి మళ్లీ మూడోది: 95.

నూనె పోస్తే అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, పెద్దగా పెరగకపోతే గాలి వాల్వుల దగ్గర పోతున్నట్టు. ఇంతవరకూ నాకు తెలుసు. హెడ్ విప్పాలేమోనని ధరలు కూడా చూసిపెట్టుకున్నాను.

విప్పేముందు విజయవాడ ఆటోనగర్‌కు వీడియో కాల్ చేశాను. మా నాన్నకు తెనాలిలో అంబాసిడర్ టాక్సీ ఉండేది. దాన్ని చూసిన మెకానిక్‌కు ఇప్పుడు డెబ్భై దాటాయి, నేను బాబాయ్ అని పిలుస్తాను. పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, ఈ ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిన్ ఒకే కుటుంబానివి. రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్ ఇంజిన్లు. రాకర్ కవర్ తీసి ఫోన్ అటు తిప్పగానే బాబాయ్ ముందుకు వంగి చూశాడు.

"ఇది మన బండి ఇంజినే కదరా అబ్బాయ్. హెడ్ జోలికి పోకు. ముందు టాపెట్లు చూడు. తొమ్మిది లెక్క గుర్తుందా?"

గుర్తులేదు. టాపెట్లు చూడటమంటే వాల్వులకూ వాటిని నొక్కే రాకర్లకూ మధ్య సందు కొలవడం. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఈ ఇంజిన్ చేతికొచ్చే ప్రతివాళ్లకూ పనికొస్తుంది.

1. ముందు నుంచి వాల్వులకు 1 నుంచి 8 దాకా నంబర్లు పెట్టుకో.
2. ఇంజిన్ చేత్తో తిప్పుతూ ఏ వాల్వు పూర్తిగా కిందికి దిగిందో చూడు.
3. ఆ నంబరుకు ఎంత కలిపితే తొమ్మిదవుతుందో, ఆ వాల్వు సందు సరిచెయ్. 1 దిగితే 8, 3 దిగితే 6, 4 దిగితే 5.
4. లాక్ నట్టు బిగించాక మళ్లీ కొలువు. బిగించేటప్పుడు సందు మారుతుంది.

ఉండాల్సిన సందు 0.015 అంగుళాలు. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వుకు, అంటే అయిదోదానికి, సందే లేదు. సందు లేకపోతే వాల్వు సరిగ్గా మూసుకోదు. ఎనిమిదీ సరిచేసి కంప్రెషన్ మళ్లీ కొలిస్తే మూడోది 138కి వచ్చింది. మిగతావి రెండు మూడు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. ఫోన్‌లో అంకె చెప్పగానే బాబాయ్, "చాలు, ఇక మూసెయ్" అన్నాడు.

హెడ్ విప్పి ఉంటే రెండు వారాలు, రెండు మూడు వందల పౌండ్లు ఊరికే పోయేవి. నాలుగు పౌండ్ల గాస్కెట్‌తో, సందులు కొలిచే ఆరు పౌండ్ల ఫీలర్ గేజ్‌తో తేలిపోయింది.

ఖర్చు: అంగుళాల పానాలు 64, కంప్రెషన్ మీటరు 23, బ్యాటరీ 75, నూనె, ఫిల్టర్ 42, ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్ 29, ఫీలర్ గేజ్ 6, గాస్కెట్ 4.
మొత్తం: 2,605 పౌండ్లు, 39 గంటలు.

దశ 4: పెట్రోలు, బ్రేకులు

ట్యాంకులో పెట్రోలు వార్నిష్ వాసన కొడుతోంది. ట్యాంకు దించి చూస్తే అడుగున తుప్పు పొర. కడిగి వాడదామని ఒక పూట వృథా చేసి, చివరికి కొత్తదే కొన్నాను. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు గొట్టాలను అది తినేస్తుంది. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకానివి వేశాను.

మొదటిసారి పంపు ఆన్ చేయగానే వెనక కార్బొరేటర్ పొంగి పెట్రోలు ఎగ్జాస్ట్ మీదికి కారింది. ఫ్లోట్ గిన్నెలో (కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) పెట్రోలు రాకను ఆపే సూది అంటుకుపోయింది. ఇంజిన్ చల్లగా ఉంది కాబట్టి ప్రమాదం తప్పింది. పాత కార్బొరేటర్‌కు పెట్రోలు వదిలే ముందు ఫ్లోట్ గిన్నెలు విప్పి సూదులు మార్చండి. మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉంచుకోండి. నేను ఆ రోజే కొని గోడకు తగిలించాను (అది ఇంటి ఖర్చులో రాసుకున్నాను, కారు లెక్కలో కలపలేదు).

సూదులు మార్చాక మూడో ప్రయత్నానికి స్టార్టయింది. పావుగంట తిరిగాక, వేడి మీద, 3,000 ఆర్‌పీఎం దగ్గర ఆయిల్ ప్రెషర్ 55 పీఎస్ఐ. ఐడిల్‌లో 18. ఈ ఇంజిన్‌కు ఈ అంకెలు చాలు. టాపెట్ల చప్పుడు వింటుంటే తెల్లవారుజామున నాన్న టాక్సీ స్టార్ట్ చేసి వేడెక్కనిస్తున్నట్టే అనిపించింది. కాసేపు ఆపబుద్ధి కాలేదు.

బ్రేకుల్లో పెద్ద విశేషం లేదు. వెనక వీల్ సిలిండర్లు రెండూ పట్టేశాయి, అవి, బ్రేక్ షూలు, గొట్టాలు కొత్తవి వేశాను.

ఖర్చు: ట్యాంకు 145, గొట్టాలు 31, కార్బొరేటర్ సామాను 46, బ్రేకులు 118.
మొత్తం: 2,945 పౌండ్లు, 73 గంటలు.

దశ 5: సిల్లు ఎవరు వేయాలి?

ఇంజిన్ మంచిది, బాడీ చెడ్డది. కష్టమైన కలయిక ఇది. ఇంజిన్ శబ్దం విన్నాక బాడీ గురించి మనసు మెత్తబడుతుంది. ఈ దశలో నా అభిప్రాయాల మీద నాకే నమ్మకం లేక, ప్రతి దారికీ అంకె వేశాను.

మొదటి దారి, పూర్తి పునరుద్ధరణ. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు పాత అచ్చులతోనే ఎంజీబీకి కొత్త బాడీలు తయారు చేస్తున్నారు. నాణ్యమైన దారే, కానీ బాడీ ధర ఒక్కటే నా 6,500 గీతను దాటేసింది.

రెండో దారి, ఒక వర్క్‌షాప్‌కు ఇవ్వడం. రెండు సిల్లులకూ 1,100 అన్నారు. చవగ్గా అనిపించి ఒకే ప్రశ్న అడిగాను: "ముందు మడ్‌గార్డులు విప్పుతారా?" అక్కర్లేదన్నారు. ఈ కారులో బయటి సిల్లు రేకు ముందు మడ్‌గార్డు కిందికి పోతుంది. మడ్‌గార్డు విప్పకుండా సిల్లు పూర్తిగా మార్చడం కుదరదు. అంటే 2008లో జరిగిందే మళ్లీ జరుగుతుంది. మీరు ఎవరికిచ్చినా ఈ ప్రశ్న అడగండి.

మూడో దారి, నేనే వెల్డింగ్ నేర్చుకుని చేయడం. సాయంత్రం క్లాసులో చేరాను. 1 మి.మీ. రేకు ముక్కలతో ఇరవై అతుకులు వేసి, ఒక్కోదాన్ని వైస్‌లో పెట్టి ఉలితో కొట్టాను. పదకొండు ఊడిపోయాయి. చూడటానికి ఆ పదకొండూ మిగతా వాటిలాగే ఉన్నాయి. పైకి కనిపించే పట్టీ అయితే ఫరవాలేదనుకునేవాణ్ణి. ఇది మనిషి ప్రాణం ఆధారపడే దూలం. అది నేను అతకకూడదని అక్కడే తేల్చుకున్నాను.

దాంతో నాలుగో దారి తెరుచుకుంది: విప్పడం, శుభ్రం చేయడం, రేకులు అమర్చి బిగించడం, చివర్లో ప్రైమర్, తుప్పు పట్టకుండా పూసే మైనం నా పని. వెల్డింగ్ మాత్రం ఇంటికొచ్చి చేసే అనుభవజ్ఞుడిది. రోజుకు 280 పౌండ్లు.

ఖర్చు: క్లాసు 180, రేకు, సామాను 35.
మొత్తం: 3,160 పౌండ్లు, 91 గంటలు.

ఇక ముందున్న ఖర్చు అంచనా:

సిల్లులు, మధ్య రేకులు, క్యాజిల్ రైళ్లు: 420
వెల్డర్, అయిదు రోజులు: 1,400
ప్రైమర్, మైనం: 140
నాలుగు టైర్లు: 260
అనుకోని వాటికి అయిదో వంతు: 444
కూడితే 2,664. ఇప్పటిదాకా అయినదానితో కలిపి 5,824.

గంటలు ఇంకో 140 పట్టినా 231. రెండు గీతలకూ లోపలే ఉంది. అంచనా కాగితం మా ఆవిడకిచ్చాను. చదివి, "రంగు ఎక్కడా లేదే?" అంది. వేయడం లేదన్నాను. తెలుపు వెలిసిపోయింది, బానెట్ మీద గీతలున్నాయి, అవి అలాగే ఉంటాయి. సిల్లుల మీద మాత్రం కొత్త రంగు పడుతుంది, పాత దానితో కలవదు కూడా. కలిసేలా చేయాలంటే కారంతా వేయాలి, అక్కడితో గీత దాటిపోతుంది. కాగితం మడిచి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టింది. సరే అన్నట్టు.

దశ 6: కుడి వైపు

మడ్‌గార్డు బోల్టులకు వారం ముందు నుంచీ రోజూ నూనె పట్టించినా మూడు విరిగాయి. రంధ్రాలు వేసి తీయడానికి ఒక పూట పోయింది.

రేకు కోసే ముందు చేయాల్సింది, వదిలేస్తే తిరిగి సరిచేయలేనిది ఒకటుంది. తలుపు తీసేసి, ముందు స్తంభానికీ వెనక స్తంభానికీ మధ్య 25 మి.మీ. చదరపు ఇనుప గొట్టం అడ్డంగా వేసి అతికించాలి. లేకపోతే సిల్లు కోయగానే కారు నడుము వంగిపోతుంది, కొత్త సిల్లు ఆ వంకరలోనే అతుక్కుంటుంది. వెల్డర్ గొట్టం అతికాక తలుపు చట్రం రెండు మూలల మధ్య దూరం కొలిచి గోడ మీద రాశాను. కోసిన తర్వాత, అతికిన తర్వాత కూడా అదే కొలత రావాలి. వచ్చింది, ఒక్క మిల్లీమీటరు తేడాతో.

బయటి రేకు కోశాక కెమెరాకు కనిపించనిది బయటపడింది. నేల రేకు అంచు నలభై సెంటీమీటర్ల పొడవున వేళ్లతో నలిపితే పొడైంది. దానికి 95 పౌండ్ల రేకు, వెల్డర్‌కు ఇంకో రోజు. అంటే 375 పౌండ్లు, అనుకోని ఖర్చుల ఖాతాలోంచి పోయాయి. అందులో ఇక మిగిలింది 69. ఆ అయిదో వంతు పక్కన పెట్టకపోయుంటే ఇక్కడే పని ఆపాల్సి వచ్చేది.

మధ్య రేకు, క్యాజిల్ రైల్, బయటి రేకు పడ్డాయి. గొట్టం కోసేసి, తలుపు బిగించి, ఇదివరకు చేసినట్టే చదును నేల మీద, టైర్లలో గాలి చూసి కొలిచాను.

నేల మీద 4.5 మి.మీ. వెనక మూల ఎత్తితే 5.0.

కారు జాకీ మీద ఉండగానే తలుపు తెరిచి వేశాను. పడింది. మళ్లీ తీసి వేశాను. బాబాయ్‌కి వీడియో పంపితే, "తలుపు చప్పుడు బాగుంది" అని మాత్రం రాశాడు.

ఖర్చు: రేకులు 420, నేల రేకు 95, వెల్డర్ మూడున్నర రోజులు 980, ప్రైమర్, మైనం 140.
మొత్తం: 4,795 పౌండ్లు, 149 గంటలు.

మిగిలింది ఎడమ వైపు రెండున్నర రోజుల వెల్డింగ్, 700. టైర్లు, 260. ఎడమ మడ్‌గార్డు బోల్టులకు ఈసారి రెండు వారాల ముందు నుంచే నూనె పడుతున్నాను. నిన్న రెండు కదిలాయి. వెల్డర్ శనివారం పొద్దున తొమ్మిదికి వస్తానన్నాడు.